తాపడం కింద ఏముంది?

యాదగిరిగుట్ట విమాన గోపురానికి బంగారు తాపడం పూర్తయి, 2025 ఫిబ్రవరి 23న మహాకుంభాభిషేకం జరిగింది. గోపురం ఎత్తు యాభై అడుగుల పైమాట. వాడిన బంగారం 68 కిలోలు. ఎండకు ధగధగలాడుతున్న ఆ గోపురం ఫొటో ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగింది. చాలామంది దండం పెట్టుకుని పదిమందికి పంపారు. కొందరు మాత్రం దాని మీద తగువు పడ్డారు. అలాంటి తగువుల్లో ఇదొకటి.

ఒక పక్క మేనమామ. నలభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చుని ఉత్సవ విగ్రహాలకు కవచాలు, ధ్వజస్తంభాలకు తొడుగులు చేసిన ఆచారి. చూపు ఆనక పని మానేశారు గానీ నోరు మానలేదు. ఇంకో పక్క మేనకోడలు. శాసనాలు చదవడం ఆమె ఉద్యోగం. రాతి మీద అక్షరం కనిపిస్తే అన్నం సంగతి మరిచిపోయే రకం.

“అరవై ఎనిమిది కిలోలు!” అంది ఆమె. “ఇంత బంగారం దేవుడికెందుకు మామయ్యా? ఆయనేమైనా అడిగాడా?”

“మొదటి జీతంతో మీ అమ్మకు పట్టుచీర కొన్నావు. ఆవిడ అడిగిందా?”

“అమ్మ చీర కట్టుకుంది. లోపల కూర్చున్న దేవుడికి పైనున్న గోపురం కనిపించదు కదా.”

“ఆయనకు కనిపించక్కర్లేదు. దారిన పోయేవాడికి కనిపించాలి.”

“అదే నా గొడవ. దారిన పోయేవాడికి అన్నం పెడితే ఇంకా బాగా కనిపిస్తుంది. ఈ మాట నేను కనిపెట్టింది కాదు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో బెర్నార్డ్ అనే సన్యాసి, ఊళ్ళో పేదలు పస్తులుంటే చర్చిలకు ఈ బంగారపు హంగులేమిటని తోటి సన్యాసులను కడిగేశాడు. మీ తరఫున మాట్లాడేవాడూ ఆ కాలంలోనే ఉన్నాడులెండి, దాచనెందుకు? పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠానికి సూజె అధిపతి. చర్చిని తిరగగట్టించి, తలుపులకు బంగారు పూత పెట్టించి, లోపల రత్నాలు పొదిగించాడు. 1144లో కొత్త గర్భాలయానికి ప్రతిష్ఠ జరిగింది. ఈ మెరుపు పట్టుకునే మనసు పైనున్న వెలుగు దాకా ఎక్కుతుందని ఆయన వాదన. ఆ తలుపుల దగ్గర, ఖర్చు లెక్కలు మాని పనితనాన్ని మెచ్చుకోమని చూసేవాళ్ళకు చెప్పుకున్నాడు కూడా.”

“అదీ మాట! ఆయన్ని మా వాళ్ళలో కలిపేసుకుందాం,” అని లేచి లోపలికి వెళ్ళారు మామయ్య.

అరచేతంత పుస్తకం ఒకటి తెచ్చారు. ప్రతి రెండు కాగితాల మధ్య ఒక బంగారు రేకు. హైదరాబాదు పాతబస్తీలో వరక్ కొట్టేవాళ్ళ దగ్గర ఎప్పుడో కొన్నది. తోలు పొరల మధ్య పెట్టి, సుత్తితో గంటల తరబడి కొడితే గానీ ఆ పల్చదనం రాదు. ముందు ఫ్యాను ఆపమన్నారు. రేకును వేలితో తాకితే వేలికే అంటుకుపోతుంది, మళ్ళీ ఊడిరాదు. మెత్తటి కుంచె కొసతో ఒకదాన్ని లేపి, రెండు గాజు పలకల నడుమ పరిచి, కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు.

ఆమె చూసింది. పసుపు లేదు. రేకులోంచి వస్తున్న వెలుగు లేత ఆకుపచ్చగా ఉంది. అవతల వేపకొమ్మల జాడ మసగ్గా తెలుస్తోంది.

“మీ లెక్కలో మైక్రానులో పదోవంతు మందం,” అన్నారాయన. “ఇలాంటివి ఏడెనిమిది వందలు పేరిస్తే ఒక వెంట్రుకంత అవుతుందేమో. గ్రాము బంగారం చాలు, అర చదరపు మీటరు కప్పెయ్యొచ్చు. ఇంతలా సాగే లోహం ఇంకోటి లేదు. ఇత్తడి చెంబు వారం తోమకపోతే మొహం మాడ్చుకుంటుంది, వెండి నల్లబడుతుంది. దీనికి గాలి సోకదు, నీళ్ళు సోకవు. నడుం కిందికి బంగారం పెట్టుకోనివ్వని ఇళ్ళు మనవి, లక్ష్మి కాబట్టి. వన్నె తగ్గని దాన్ని దేవుడికి పెట్టాలనుకోవడం తప్పా?”

ఈ వాదన ఆచారిగారి సొంతం కాదు, లోకమంతటిదీ. ఈజిప్టువాళ్ళు దేవతల ఒళ్ళు బంగారమని నమ్మారు. టూటంఖామున్ మొహానికి తొడిగిన ముసుగు పది కిలోల పైచిలుకు. బుద్ధుడి ముప్పై రెండు మహాపురుష లక్షణాల్లో మేలిమి ఛాయ ఒకటి. కృష్ణా తీరంలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు ధాతు పేటికలతో పాటు చిన్న చిన్న బంగారు పూలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళకు పైగా మట్టిలో ఉండి కూడా అవి పూలుగానే ఉన్నాయి. మగవాళ్ళు బంగారం ధరించకూడదన్న ఇస్లాంలో, నీలిరంగు తోలు మీద బంగారపు అక్షరాలతో రాసిన ఖురాన్ ప్రతి ఉంది. యూదుల గ్రంథమైతే మరీ చిత్రం. బంగారు దూడను మొక్కినందుకు జనాన్ని శిక్షించిన ఆ పుస్తకమే దేవుడి మందసానికి లోపలా బయటా మేలిమి బంగారం పొదగమంటుంది.

“సరే, దేవుణ్ణి కాసేపు వదిలేద్దాం,” అంది మేనకోడలు. “బొమ్మ వేసేవాడి సంగతికి రండి. బంగారం వాడికి బద్ధకం నేర్పుతుంది. 1435లో ఇటలీలో ఆల్బెర్టీ చిత్రకళ మీద పుస్తకం రాశాడు. బొమ్మలో బంగారు నగ ఉంటే అక్కడ రేకు అంటించడం గొప్ప కాదు, రంగులతోనే బంగారాన్ని నమ్మించడం గొప్ప అని అతని తీర్పు. ఆ తర్వాత మెల్లగా బంగారు నేపథ్యాలు పోయి కొండలూ ఆకాశాలూ వచ్చాయి. అంతదూరం ఎందుకు, మన నిర్మల్ బొమ్మల్లో ఆ పసిడి ఛాయను పాతకాలంలో ఆకు పసర్లతోనే తెచ్చేవారంటారు. కాసు బంగారం లేకుండా బంగారం కనిపించింది.”

“కనిపిస్తుందమ్మా, పగలు. రాత్రిపూట ఆ బొమ్మ ముందు దీపం పెట్టు. దీపం రెపరెపలాడితే రంగు కదలదు. రేకు కదులుతుంది.”

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడానికి కారణం ఉంది. ఇటలీలోని రవెన్నాలో సాన్ విటాలె చర్చికి 547లో ప్రతిష్ఠ జరిగింది. జస్టీనియన్ చక్రవర్తి, థియొడోరా రాణి పరివారంతో నిలబడిన గోడలు అక్కడివే. చిన్న చిన్న గాజు ముక్కల మధ్య బంగారు రేకు ఇరికించి, ఆ ముక్కలను గోడకు చదునుగా కాకుండా అటూ ఇటూ కాస్త వాల్చి అతికించారు. మనిషి నడిచినా, కొవ్వొత్తి ఊగినా గోడ మీద వెలుగు పారుతుంది. బైజాంటైన్ ప్రతిమల్లో నీడలు ఉండవు. వెనక ఉన్న బంగారం ఆకాశం కాదు, పగలూ కాదు. ఎవరూ పుట్టించని దైవపు వెలుగు. అందులో సూర్యుడు ఏ పక్కన ఉన్నాడని అడగడానికి వీల్లేదు.

తంజావూరు చిత్రాలదీ ఇదే కిటుకు. పనస చెక్క మీద గుడ్డ అంటించి, సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగలనూ తోరణాలనూ ఉబ్బెత్తుగా తీర్చి, పైన బంగారు రేకు ఒత్తి, రాళ్ళు పొదుగుతారు. ఆ పని చేసిన రాజు కులపు చిత్రకారుల కుటుంబాలు తెలుగు మాట్లాడేవి. నాయక, మరాఠా దర్బారుల నీడన అక్కడ స్థిరపడ్డాయి. పూజగదిలో ఒక్క దీపం ఉన్నప్పుడు ఆ చిత్రంలోని బాలకృష్ణుడు చీకట్లోంచి ముందుకు వస్తాడు. అదే చిత్రాన్ని హాల్లో ట్యూబులైటు కింద తగిలిస్తే రేకు రేకులాగా, రాయి గాజులాగా కనిపిస్తాయి. జపాన్ రచయిత తనిజాకి 1933లో నీడల గురించి రాసిన వ్యాసంలో చెప్పింది కూడా ఇదే: బంగారం చీకటి గదుల కోసం పుట్టింది.

“అలాగైతే మీ గోపురం చుట్టూ ఫ్లడ్‌లైట్లు ఎందుకు పెడతారు?” అని ఆమె పట్టుకుంది.

“నేను పెట్టలేదే! పెట్టినవాళ్ళని తిట్టు, నేనూ కలుస్తాను. కళ్ళలో లైటు కొట్టినట్టు ఉంటుంది.”

“మీ రేకు ఎప్పుడూ దేవుడి పక్షమే కాదు లెండి. ఆస్ట్రియాలో క్లిమ్ట్ అని చిత్రకారుడు, బంగారం మీద చెక్కడపు పని చేసే ఆయన కొడుకు. 1903లో రవెన్నా వెళ్ళి ఆ గోడలు చూశాడు. 1907కల్లా ఒక చక్కెర వ్యాపారి భార్యను అదే బంగారంలో ముంచి బొమ్మ వేశాడు. నాజీలు కాజేసిన ఆ బొమ్మ 2006లో వారసులకు తిరిగి దక్కింది. వాళ్ళు అమ్మితే 13.5 కోట్ల డాలర్లు పలికిందని పత్రికలు రాశాయి. రాణి చుట్టూ ఉన్న వెలుగే వ్యాపారి ఇల్లాలి చుట్టూ కూడా. డబ్బు ఎటుంటే రేకు అటే.”

“మంచిదే. మా పనికి గిరాకీ పెరిగింది.”

ఇక్కడిదాకా సరదాగా నడిచిన మాట పాదరసం దగ్గర బరువెక్కింది. కరెంటు పూత రాకముందు రాగికి బంగారం పట్టించాలంటే బంగారాన్ని పాదరసంలో కరిగించి ముద్ద చేసి, రాగి మీద పూసి, నిప్పు చూపేవారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం నిలుస్తుంది. పోయిన ఆవిరి ఎక్కడికి పోతుంది? పనివాడి ఊపిరితిత్తుల్లోకి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సెయింట్ ఐజాక్ చర్చి గుమ్మటానికి వంద కిలోల బంగారం ఇలాగే పట్టించారనీ, ఆ పనిలో అరవై మంది పోయారనీ చెబుతారు. ఈ సంగతి ఆమె తీసింది. మామయ్య కాసేపు గీటురాయిని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయారు.

“మా తాతకు చివర్లో చేతులు వణికేవి,” అన్నారు. “గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. పళ్ళు ఊడిపోయాయి. వయసు అనుకున్నాం. నలభై అయిదేళ్ళకు వయసేమిటి?”

“ఆయన పేరు ఏ గుడి మీదైనా ఉందా?”

“మా పేర్లు ఎవరు రాస్తారు? ఇచ్చినవాడి పేరు రాస్తారు.”

శాసనాలు చదివే మనిషికి ఈ మాట తెలియంది కాదు. విష్ణుకుండిన మాధవవర్మ హిరణ్యగర్భ మహాదానం చేశాడని ఆ వంశపు శాసనాలు గర్వంగా చెబుతాయి. బంగారంతో పెద్ద పాత్ర చేయించి, రాజు అందులో ముడుచుకుని కూర్చుంటాడు. మంత్రాల మధ్య బయటికి వస్తే బంగారు గర్భంలోంచి మళ్ళీ పుట్టినట్టు. ఆ తర్వాత పాత్ర దానమైపోతుంది. రాజు కొత్త పుట్టుక పుట్టాడు, పురోహితులకు బంగారం దక్కింది, పాత్ర పోతపోసినవాడి ఊసు ఎక్కడా లేదు. ఆమె అదే చెప్పి, రాజుల బంగారం ఎప్పుడూ రాజుల కోసమే అంది.

“రామదాసు రాజు కాదుగా?” అన్నారు మామయ్య.

“కాదు. తహసీల్దారు. గోల్కొండ సర్కారుకు కట్టాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, రాముడికి నగలు చేయించి, ఖైదులో పడ్డాడు. ఖైదులో ఏం పాడాడో మీకు తెలుసు. ఏ నగకు ఎన్ని వరహాలు అయ్యాయో ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్పి నిలదీశాడు. బంగారం పెట్టిన భక్తుడే బిల్లు చదివిన సందర్భం అది.”

“చదివి, చివరికి బతిమాలుకున్నాడు. నగలు ఇప్పటికీ రాముడి దగ్గరే ఉన్నాయి.” ఆచారిగారు దీన్ని తన గెలుపుగా రాసుకున్నట్టున్నారు. నిజానికి ఆ కీర్తనల వల్ల రామదాసు నిలిచాడు గానీ నగల వల్ల కాదు. ఆ మాట ఆమె అనలేదు, కాబట్టి ఇక్కడ అనాల్సి వచ్చింది.

ఆమె ఇంకో దారిన వచ్చింది. “నాకు నచ్చిన బంగారం మేడారంలో ఉంది. సమ్మక్క సారలమ్మలకు జనం తెచ్చేది బెల్లం. దాన్ని బంగారమనే అంటారు. మనిషి బరువుకు సమానంగా తూచి గద్దెల దగ్గర సమర్పిస్తారు. కూలి చేసుకునే ఇల్లాలు కూడా నిలువెత్తు బంగారం ఇచ్చుకోగలదు. దసరాకు తెలంగాణలో జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి మొక్కుతారు, అదీ బంగారమే. చెట్టు మీద ఊరికే దొరుకుతుంది. లోహం లేకుండానే పని జరిగిపోయిందిగా?”

“జరిగింది. మరి బెల్లాన్ని బంగారమని ఎందుకన్నారు, ఇనుమని అనొచ్చుగా? లోహం ఎక్కడో మెరిస్తేనే ఆకుకు ఆ గౌరవం.” ఇది గట్టి దెబ్బే. దానికి ఆమె దగ్గర సమాధానం లేదు.

తిరుమల ప్రస్తావన వచ్చాక మాత్రం పట్టు ఆమె చేతికి వచ్చింది. 2008లో తితిదే ‘ఆనంద నిలయం అనంత స్వర్ణమయం’ అనే పథకం మొదలుపెట్టింది. విమానానికి ఉన్న తాపడం చాలక, గుడి గోడలకు కూడా బంగారు రేకులు తొడగాలని ఉద్దేశం. విరాళాలు వచ్చాయి. అయితే ఆ గోడల మీద వందలాది శాసనాలు ఉన్నాయి. తమిళం ఎక్కువ, తెలుగు, కన్నడం కొన్ని. ఎవరు ఏ ఊరు ఇచ్చారు, ఏ పండుగకు ఎన్ని ప్రసాదాలు పెట్టాలి, దీపానికి నెయ్యి ఎంత, అంతా రాతి మీద ఉంది. శాసనాలు దెబ్బతింటాయని కొందరు కోర్టుకెక్కారు. 2010లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది.

“1518లో శ్రీకృష్ణదేవరాయలు విమానానికి బంగారు పూత పెట్టించాడని మనకెలా తెలుసు మామయ్యా? తిరుమల శాసనం చెబితే తెలిసింది. ఆ నాటి పూత ఇప్పుడు లేదు, తర్వాత కొత్తది వేశారు. అక్షరం ఉంది. బంగారం గురించి చెప్పే రాతిని బంగారంతోనే మూసేద్దామనుకున్నారు!”

“శాసనాలన్నీ దేవస్థానమే 1930లలో అచ్చు వేయించింది కదా. పుస్తకంలో ఉన్నాక గోడ మీద కనిపించకపోతే కొంప మునిగిందా?”

“అచ్చులో తప్పు పడితే దేనితో సరిచూడాలి?”

మామయ్య ఆలోచించారు. ఒప్పుకున్నారు గానీ ఆమె చెప్పిన కారణానికి కాదు. “గోడకు తాపడం అంటే చట్రం బిగించాలి. చట్రానికి మేకులు దిగాలి. రాతికి చిల్లులు పడతాయి, వెనక చెమ్మ చేరుతుంది. నన్ను పిలిచినా నేను చెయ్యను. గోపురం వేరు, గోడ వేరు.”

“బర్మాలో మాండలే మహాముని బుద్ధుణ్ణి చూశారా? భక్తులు రోజూ రేకులు అంటించీ అంటించీ ఒంటి మీద అరడుగు మందాన బంగారం పేరుకుంది. భుజమేదో చెయ్యేదో తెలియకుండా గడ్డలు కట్టింది. శిల్పి చేసిన ఒళ్ళు లోపలెక్కడో ఉండిపోయింది.”

“మొహానికి కూడానా?”

“లేదు. మొహం వదిలేశారు. రోజూ తెల్లవారుజామున కడుగుతారు.”

“చూశావా! ఎక్కడ ఆగాలో వాళ్ళకు తెలుసు.”

చివరికి లెక్కలకు దిగారు. 68 కిలోలను సుమారు వెయ్యి చదరపు మీటర్లకు పంచితే మీటరుకు 68 గ్రాములు, అంటే మూడున్నర మైక్రాన్లు. చేత్తో కొట్టిన రేకైతే రెండు కిలోలతో గోపురమంతా కప్పొచ్చు. అలాగైతే మిగిలినదంతా దుబారా కాదా అని ఆమె. ఎండకీ వానకీ పావురాలకీ ఒంటి రేకు నిలవదు, మందం ఉండాల్సిందేనని ఆయన. ఈ బేరం కూడా పాతదే. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని, రేకులు కొట్టేవాళ్ళు ఒక్క డకాట్ నాణేన్ని 145 రేకులుగా సాగగొడుతున్నారనీ, నిగారింపు పనికి నూటికి మించి తీయించవద్దనీ శిష్యులకు చెప్పాడు. పల్చబడ్డ ప్రతి రేకులోనూ ఎవరో ఒకరు మిగుల్చుకుంటారని ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆమె శబరిమల మాట ఎత్తింది. 1998లో ఒక పారిశ్రామికవేత్త ఇచ్చిన ముప్పై కిలోల బంగారంతో అక్కడ తాపడం జరిగింది. 2019లో ద్వారపాలకుల విగ్రహాల మీది రేకులను మళ్ళీ పూత వేయించడానికి ఊడదీశారు. కాగితాల మీద వాటిని రాగి రేకులని రాశారు. తూకం నాలుగు కిలోలకు పైగా తగ్గిందని తర్వాత తేలింది. 2025 అక్టోబరులో కేరళ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది.

“రాగి అని రాశారా?” ఆచారిగారి గొంతు లేచింది. బెర్నార్డ్ తిట్లకు గానీ ఆల్బెర్టీ ఎత్తిపొడుపుకు గానీ రాని కోపం అది. “బంగారాన్ని రాగి అని రాసే చెయ్యి ఏ చెయ్యి? మా కుంపటి దగ్గర రాలిన రజను కూడా ఊడ్చి, కడిగి, తూచి ఇచ్చేవాళ్ళం. గురిగింజ ఎత్తు తేడా వస్తే అన్నం సహించేది కాదు.”

దేవుడికి బంగారం కావాలా అన్న దగ్గర ఇద్దరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. లెక్క దగ్గర మాత్రం కలిశారు. పూర్వపు రాజులు కీర్తి కోసమే కావచ్చు, ఎంత ఇచ్చారో అందరూ చదివేలా గుడి గోడ మీద చెక్కించారు. ఈ రోజున కొన్నిచోట్ల ఆ మాత్రం కూడా జరగడం లేదు. మీ ఊరి గుడిలో తాపడానికి విరాళం ఇస్తున్నారా? ఇవ్వండి. ఇచ్చే ముందు మూడు సంగతులు అడిగి, కాగితం మీద రాయించుకోండి: మొత్తం బంగారం ఎన్ని గ్రాములు, పూత మందం ఎంత, ఆ రేకు కింద ఇప్పుడు ఏముంది.